ఓరవాకిలి దగ్గర రిబ్బన్ల పిల్ల

మా హోటల్లో ఫ్యామిలీ రూముకి తలుపు లేదు, కర్టెనే. ఆ కర్టెన్ వెనకాల కుదిరినన్ని పెళ్ళిళ్ళు మాచర్లలో ఏ కల్యాణమండపంలోనూ జరిగి ఉండవు. గొప్పలు చెప్పుకుంటున్నానని మా ఆయన అంటాడు. అననీండి. ఆయన మునిసిపల్ ఎన్నికల్లో ఎన్నిసార్లు నిలబడితే అన్నిసార్లూ పడ్డాడు. నా ఫ్యామిలీ రూములో కూర్చున్న సంబంధాలు మటుకు చానావరకు నిలబడ్డాయి.

ఎందుకంటే, మా ఊళ్ళో రైలు ఆఖరు. గుంటూరు వైపు నుంచి వచ్చే రైలు ఇక్కడికొచ్చి ఆగిపోతుంది. సాగర్ దాటి కృష్ణ అవతలి నుంచి వచ్చే బస్సులూ జనాన్ని ఇక్కడే దింపుతాయి. పిల్లవాడిదో ఊరు, పిల్లదింకో ఊరు. నేరుగా ఇంటికి పిలిస్తే వీధి వీధంతా అరుగుల మీదికొస్తుంది. కుదరలేదనుకోండి, "ఫలానా వాళ్ళు చూసి వద్దన్నారంట" అని ఆ పిల్లని నలుగురూ నమిలి ఊస్తారు. అందుకని మా మామగారి కాలం నుంచే ఒక అలవాటు పడింది. మొదటి చూపు స్టేషన్ రోడ్డులో మా హోటల్లో. నచ్చితే ఆ తర్వాత ఇళ్ళకి రాకపోకలు. నచ్చకపోతే "ఊరికే టిఫిన్‌కి పోయాం" అనేస్తే సరిపోయె.

ఆ గదిలో ఒక గోడ నిండా బొమ్మ ఉంది. ఆయిల్ పెయింటుతో వేసింది. మధ్యన బల్ల, బల్లకి అటొకరూ ఇటొకరూ కుర్చీల్లో మొగుడూ పెళ్ళాం. చైనా వాళ్ళు. వదులు చేతుల అంగీలు వేసుకుని ఉంటారు. మొగుడు చేతులు రెండూ ఆ అంగీలో దాచేసుకుని కూర్చున్నాడు. పెళ్ళాం ఇప్పుడే ఏదో అనేసి జవాబు కోసం చూస్తున్నట్టు ఉంటుంది. వెనకాల పనివాళ్ళు, ఒకరి చేతిలో నీళ్ళ కూజా. బల్ల మీద మాత్రం మా హోటల్ ఇత్తడి గ్లాసులు, ప్లేటులో రెండు ఇడ్లీలు. అసలు బొమ్మలో ఏవో గిన్నెలూ పళ్ళూ ఉండేవట. "మన హోటల్లో కూర్చుని మన టిఫిను తినకపోతే ఎట్టరా ఖాదరూ" అని మామగారు పట్టుబట్టి ఇడ్లీలు వేయించారట.

గోడకి కుడి చివర ఒక తలుపు. నిజం తలుపు కాదు, బొమ్మే. ఒక రెక్క ఓరగా తెరిచి ఉంటుంది. ఆ సందులోంచి ఒక పిల్ల తొంగి చూస్తుంటుంది, ఒళ్ళు సగం లోపల, ముఖం బయట. రెండు జడలూ పైకి మడిచి ఎర్ర రిబ్బన్లు కట్టారు. గడ్డం కింద సన్నగా ఒక గీత. రంగు కారిందేమో అనుకునేదాన్ని.

"చైనా పిల్లకి రిబ్బన్లేందిరా?" అని మామగారు అడిగితే, "అక్కడి పిల్లలు మాత్రం బడికి పోరా ఏంది?" అన్నాడట పెయింటర్ ఖాదర్ వలి. హోటలంతా నవ్విందట. ఇదంతా నేను ఈ ఇంటికి రాకముందు సంగతి, అత్తగారు చెప్పగా విన్నాను.

ఖాదర్ మామ చేతిరాత లేని గోడ అప్పట్లో మాచర్లలో లేదు. ఎరువుల కొట్ల మీద పత్తికాయలు, మిరప్పళ్ళు, లారీల వెనకాల తామరపూలు, సినిమా హాలు బోర్డు, అన్నీ ఆయనవే. ఎన్నికలొస్తే అన్ని పార్టీలకూ ఆయనే రాసేవాడు. ఎవరి గుర్తునీ చిన్నచూపు చూసేవాడు కాదు, అందరికీ ఒకే మందాన రంగు. ఆ చైనా బొమ్మ ఆయనకి ఇచ్చింది నాగభూషణరావుగారని ఎర్రజెండా పెద్దమనిషి. నలభై ఎకరాల మాగాణి పెట్టుకుని, రోజూ మా హోటల్లో కాఫీ తాగుతూ భూస్వాములను తిట్టేవాడు. మంచివాడే. ఆయనకి చైనా నుంచి రంగుల బొమ్మల పత్రిక పోస్టులో వచ్చేది. అందులోంచి చింపి ఇచ్చిన కాయితం చూసి వేసిందే ఈ గోడ.

ఆ పత్రిక కాయితం గురించి చెప్పకపోతే నాకు కడుపుబ్బరం. మాది నాదెండ్ల. మా ఊళ్ళోనూ ఇట్లాంటి ఎర్రజెండా పెద్దాయన ఒకడుండేవాడు. బళ్ళు తెరిచే రోజుల్లో పిల్లలమంతా ఆయన ఇంటిముందు వరస కట్టేవాళ్ళం, పుస్తకాలకి అట్టల కోసం. నున్నటి కాయితం, వాన చుక్క పడితే జారిపోయేది. ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. లెక్కల పుస్తకానికి ట్రాక్టరు నడిపే ఆడమనిషి, తెలుగు వాచకానికి మంచుకొండలు. ఎవరి అట్ట బాగుంటే ఆ యేడాది క్లాసుకి వాళ్ళే రాణి. అట్ట బాగుందని నా సోషల్ పుస్తకం ఒక పిల్ల ఎత్తుకుపోతే, జుట్టు పట్టుకుని తెచ్చుకున్నాను. ఇప్పటి పిల్లల పుస్తకాలకి ప్లాస్టిక్ కవర్లు. వాసనా లేదు, వాటికోసం కొట్టుకునేవాళ్ళూ లేరు.

నా చూపులూ ఆ గోడ కిందే. పంతొమ్మిదేళ్ళు నాకు. రైలు దిగి, పట్టుచీర మడతల్లో నగల్లేని మెడ దాచుకుంటూ వచ్చి కూర్చున్నాను. పెళ్ళికొడుకు ఈ హోటల్ యజమాని కొడుకే కాబట్టి ఎవరూ టిఫిన్ బిల్లు గురించి ఆలోచించడం లేదు, బుట్టలు బుట్టలుగా గారెలు వస్తున్నాయి. నేను ఒక్కటీ ముట్టలేదు. తల ఎత్తితే ఎదురుగా ఆయన, దించితే ప్లేటులో గారెల కుప్ప. ఇక పక్కకి తిప్పాను. తలుపు సందులోంచి ఆ పిల్ల. పెళ్ళికూతురిని చూడటానికి వచ్చిన పక్కింటి పిల్లలాగా, ఎవరైనా చూస్తే పారిపోదామన్నట్టు. నాకు ఠక్కున నవ్వొచ్చింది. అదే క్షణాన ఆయన నన్ను చూశాడు. తనని చూసి నవ్వాననుకున్నాడు. ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాడు, నేనూ చెప్పలేదు.

కాపురానికి వచ్చాక గల్లాపెట్టె దగ్గర కుర్చీ నాదైంది. అక్కడినుంచి కర్టెన్ కాస్త జరిపితే ఆ పిల్ల కనిపిస్తుంది. పొద్దున్నే సాంబ్రాణి వేసేటప్పుడు "లేచావటే" అనేదాన్ని. మా ఆయనతో పోట్లాడిన రోజున "చూశావా వీడి వరస" అనేదాన్ని. మా పెద్దది పుట్టి, చిన్నది హరిత పుట్టి, ఇద్దరూ ఆ పిల్ల ఎత్తుకి వచ్చి, దాటిపోయి పెద్దవాళ్ళయ్యారు. ఆ పిల్ల మాత్రం తొమ్మిదేళ్ళదే.

ఖాదర్ మామ భార్య బీబీ. నేను బీబత్తా అంటాను, ఆమె నన్ను కోడలా అంటుంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం, మగవాళ్ళు నమాజుకి పోయిన వేళకి, చీర కొంగు తలమీదుగా కప్పుకుని మా హోటల్‌కి వస్తుంది. ఫ్యామిలీ రూములో మూల కుర్చీలో కూర్చుని ఒక్క టీ తాగుతుంది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు, ఫ్యాను గాలి అక్కడికి రాదు.

"అటు కూర్చో అత్తా, ఉడికిపోతన్నావు" అంటే, "ఇక్కడే బాగా గాలొస్తందిలే కోడలా" అనేది, చెమట తుడుచుకుంటూ.

మా టీలో ఏముందో, ఇంట్లో పాలు పొంగుతుంటే ఇంత దూరం వస్తుందని ఎగతాళి చేసేదాన్ని. నవ్వేది. ఫ్లెక్సీలు వచ్చి ఖాదర్ మామ కుంచెలు ఎండిపోయాయి, ఆ తర్వాత ఆయనే పోయాడు. అయినా ఆమె శుక్రవారం టీ ఆగలేదు. మోకాళ్ళు పట్టేసి గోడలు పట్టుకుని నడిచే రోజుల్లోనూ ఆగలేదు.

మొన్న చైత్రంలో మా హరితకి సంబంధం వచ్చింది. హరిత నరసరావుపేటలో బ్యాంకులో చేస్తుంది. పిల్లవాడు చరణ్, కరెంటు ఆఫీసులో ఇంజనీరు, వినుకొండ వాళ్ళు. చూపులు ఎక్కడ పెడతాం? ఊరందరి పిల్లలకీ కలిసొచ్చిన గది నా పిల్లకి కలిసిరాదా? గోడ తుడిపించాను, కొత్త కర్టెన్ వేయించాను. మా ఆయన నరసింహారావుగారు తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, ఓటర్లని ఆహ్వానించినట్టు గుమ్మంలో నిలబడ్డాడు.

అంతా బాగానే సాగుతోంది. పిల్లవాడు మాట్లాడుతున్నాడు, మన పిల్ల జవాబు చెబుతోంది. చరణ్ తల్లి నెయ్యి దోసె తింటూ వంట ఎవరిదని అడిగింది. నా మనసు అప్పటికే భోజనాల లెక్కలోకి పోయింది. ఇంతలో ఆ అబ్బాయి బొమ్మ వంక చూసి, "భలే ఉందండీ ఇది, ఎవరు వేశారు?" అన్నాడు. మా ఆయన ఊరుకుంటాడా? చైనా పత్రిక దగ్గరనుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. ఈ బొమ్మ కింద కూర్చుంటే పెళ్ళి ఖాయమని కూడా చెప్పాడు. అబ్బాయి ముచ్చటపడి ఫోన్ తీసి బొమ్మని ఫోటో కొట్టి, అది ఎక్కడిదో ఫోన్‌నే అడిగాడు. ఇప్పుడు ఫోన్లు అన్నీ చెబుతాయి కదా. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడం అంటే అదే.

"అంకుల్, ఇట్లాంటిదే చూపిస్తోంది. చైనాలో సమాధి లోపలి బొమ్మంట. తొమ్మిది వందల ఏళ్ళ కిందటిది. భూమి లోపల ఇటుకలతో గదిలాగా కట్టి, గోడల మీద ఇవన్నీ వేసేవాళ్ళంట. చనిపోయిన వాళ్ళకి అక్కడా ఇల్లున్నట్టే ఉండాలని బల్ల, భోజనం, పనివాళ్ళు, తలుపు తీసి చూసే అమ్మాయి..." ఉత్సాహంగా చదువుకుపోతున్నాడు పాపం. ఫోన్ మా వైపు తిప్పాడు. అదే బల్ల, అదే మొగుడూ పెళ్ళాలు. ఇడ్లీలు మాత్రం లేవు. తలుపు దగ్గర రిబ్బన్ల పిల్ల కాదు, జుట్టు ముడేసుకున్న ఆడమనిషి.

చరణ్ తల్లి చేతిలోని దోసె ముక్క ప్లేటులో పెట్టేసింది. చెయ్యి కడుక్కుంది. "శుభమా అని వచ్చి సమాధి ముందర కూర్చున్నామా? లెగు నాయనా" అంది. అబ్బాయి ఇబ్బందిగా హరిత వంక చూశాడు, తల్లి వంక చూశాడు, లేచాడు.

వాళ్ళు వెళ్ళాక నేను శాపనార్థాలు మొదలుపెడితే హరిత ఆపింది. "వాళ్ళమ్మ లేచింది సరేలేమ్మా. తనూ లేచాడు చూడు, అదీ నాకు నచ్చంది" అని, ఆ అబ్బాయి వదిలేసిన కాఫీ తీసుకుని తనే తాగేసింది. నా కూతురే.

సాయంత్రానికల్లా మాచర్ల మొత్తానికి తెలిసిపోయింది. కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ లోకం మూతికి పెట్టగలమా? ఈ గదిలో చూపులు జరిగిన ఒక పిల్ల ఫోన్ చేసి, "అందుకా పిన్నీ, మా ఆయన బల్లముందు కూర్చుంటే సమాధిలో ఉన్నట్టే ఉంటాడు, ఉలకడు పలకడు" అని పడీపడీ నవ్వింది. అందరూ నవ్వరు కదా. మొగుడితో తెగిపోయి పుట్టింటికొచ్చిన పిల్ల తల్లి ఒకామె హోటల్ ముందు నిలబడి, "నా బిడ్డ బతుకుని సమాధి చేశారు గదే" అని మట్టి తీసి పోసింది. ఆ వారంలో రావలసిన సంబంధాలు ఒక్కొక్కటీ రామని చెప్పేశాయి. మా ఆయనకి వచ్చే ఎన్నికల బెంగ పట్టుకుంది. "ఆ గోడకి పుట్టీ పెట్టించి తెల్లరంగు కొట్టించు లక్ష్మీ. లేకపోతే మన పని అంతే" అన్నాడు.

నాకూ మనసు విరిగింది, అబద్ధం ఎందుకు. ఇన్నేళ్ళూ పొద్దున్నే సాంబ్రాణి వేసింది సమాధికా? నేను నవ్వి పెళ్ళి కుదుర్చుకుంది చచ్చినవాళ్ళ ముంగిట్లోనా? ఖాదర్ మామ మీద, నాగభూషణరావు మీద, పోయినవాళ్ళని కూడా చూడకుండా చెడామడా తిట్టుకున్నాను. చూసుకోవద్దా, బొమ్మ ఎక్కడిదో?

బుధవారం నాడు రియాజ్‌ని పిలిపించాను. రియాజ్ ఖాదర్ మామ కొడుకే. నాన్న కుంచె పట్టాడు, వీడు పుట్టీ రేకు పట్టాడు. ఇప్పుడు పని అంతా దానిదే. వచ్చి గోడముందు చానాసేపు నిలబడ్డాడు.

"ఎమరీ పేపర్‌తో గీకి పెట్టాల వదినా. లేకపోతే ఆయిల్ రంగు మీద పుట్టీ నిలవదు, ఆర్నెల్లకి పెచ్చులూడిద్ది" అన్నాడు.

"గీకు మరి."

"నాన్న బొమ్మ వదినా. నా చేత్తో గీకలేను. పైన పూసేస్తా, అంతే."

"పూసెయ్. రాలేనాటికి చూసుకుందాంలే" అన్నాను. తర్వాత నాకే తట్టింది. మిగతా గోడ మొత్తం తెల్లబడిపోయి ఆ పిల్ల ఒక్కతే మిగిలి నా వంక చూస్తుంటే నేను తట్టుకోలేను. "ఒరేయ్ రియాజూ, ముందు ఆ తలుపు దగ్గర పిల్లని మూసెయ్యి. తర్వాత మిగతాది" అని చెప్పి, అటు చూడకుండా గల్లా దగ్గరికి వచ్చేశాను. రేకు గోడ మీద బరబర పాకుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. కర్టెన్ లాగేశాను.

భోజనం వేళకి రియాజ్ ఇంటికి పోయాడు. వాడు తిరిగి వచ్చేలోపే బీబత్త వచ్చింది. శుక్రవారం కాని రోజున ఆమెని మా హోటల్లో చూడటం అదే మొదలు. కాళ్ళకి చెప్పులు లేవు. ఎండకి కాలిన రోడ్డు మీద, ఆ మోకాళ్ళతో, ఎట్లా వచ్చిందో ఏమో. నన్ను పలకరించను కూడా లేదు. కర్టెన్ తోసుకుని లోపలికి పోయింది. వెనకాలే రియాజ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అన్నం తింటా, ఫలానా పని చేస్తన్నా అని చెప్పా వదినా. అంతే, లేచి ఉరికింది" అన్నాడు రొప్పుతూ.

లోపలికి పోయి చూశాం. మొగుడూ పెళ్ళాం బల్ల దగ్గర అట్లాగే కూర్చుని ఉన్నారు. తలుపు ఉన్న చోట, గోడ మీద దుప్పటి పరిచినంత మేర, తెల్లటి పుట్టీ. ఇంకా తడి ఆరలేదు. బీబత్త ఆ తెలుపు ముందు నిలబడి ఉంది.

"కోడలా, నీళ్ళు" అంది.

దప్పికేమో అనుకుని గ్లాసుతో ఇచ్చాను. కొంగు చివర అందులో ముంచింది. గోడ మీద ఒకచోట, ఎక్కడ తుడవాలో కళ్ళు మూసుకున్నా తెలిసినదానిలాగా, కొంగు ఆనించి తుడవడం మొదలుపెట్టింది. ఎర్ర రిబ్బను ముక్క బయటికొచ్చింది. తర్వాత నుదురు. రియాజ్ గీకకుండా పూసిన పుణ్యానికి, నున్నటి ఆయిల్ రంగు మీదినుంచి పుట్టీ పాలమీగడలాగా వచ్చేస్తోంది. నుదురు తుడిచింది. కళ్ళు తుడిచింది, వేలికొసతో, లోపలి మూలల దగ్గరనుంచి బయటికి. ముక్కు పక్కన, చెవి వెనకాల. బడికి పోయే పిల్లకి తల్లి ముఖం కడిగేటప్పుడు ఎట్లా తుడుస్తుందో అట్లా. ఆఖరున గడ్డం ఎత్తినట్టుగా చెయ్యి పెట్టి, గడ్డం కింద ఆ గీత దగ్గర మెల్లగా అద్దింది.

"బోరింగు దగ్గర పడింది. అప్పటి దెబ్బ" అంది.

రియాజ్ తల్లి పక్కకి వచ్చాడు.

"ఎవరమ్మా?" అన్నాడు.

"మీ అక్కరా. ఆసియా."

వాడికి ఒక అక్క ఉండేదనీ, వాడు పుట్టకముందే జ్వరం వచ్చి తొమ్మిదో ఏట పోయిందనీ వాడికి తెలుసు, నాకూ తెలుసు. ముఖం మాత్రం మేమిద్దరం చూడలేదు. ఫోటో లేదు. స్టూడియోకి పోదామంటే, "పెద్దయ్యాక తీయిద్దాంలే" అని ఖాదర్ మామే అన్నాడట. ఊరందరి బొమ్మలూ వేసే మనిషి, తన బిడ్డది వేయడానికి ఏం తొందరలే అనుకున్నాడు.

కుర్చీ లాగి కూర్చోబెట్టాను. ఆ మూల కుర్చీయే. చెయ్యి గోడమీదే ఉంచి చెప్పింది.

"మాలో ఆడోళ్ళు కబరస్తాన్‌కి పోరు కోడలా. బిడ్డని తీసుకపోయినోళ్ళు తీసుకపోయినారు, ఎక్కడ పెట్టినారో కూడా నేను చూళ్ళేదు. శుక్రవారం నమాజయ్యాక మీ మామ పోయి వచ్చేవాడు. నేను గడపలో కూచోని, ఎట్టుంది, గడ్డి మొలిచిందా, ఎండ తగులతందా అని అడిగేదాన్ని. అన్నం మానేసినా. పిచ్చిదై పోద్దని అనుకున్నారు. అప్పుడే నాగభూషణరావుగారు ఈ బొమ్మ ఇచ్చి, ఇది సమాధిలోదిరా ఖాదరూ, చచ్చినోళ్ళకి తోడుగా వేసినారు అని చెప్పినాడంట. మీ మామ ఇంటికొచ్చి నాతో అన్నాడు, బీబీ, నీ బిడ్డని నీకు కనబడే చోట పెడతన్నా, హోటల్లో ఆడోళ్ళ గదిలో, టీ తాగే వంకన పోయి చూసుకో, ఎవరూ ఏమనరు అని."

"మరి ఇన్నేళ్ళూ ఒక్క మాట చెప్పలేదేంది అత్తా?"

"పెళ్ళిచూపుల గదిలో చచ్చిన బిడ్డ ముఖం పెట్టినాడంటే ఈ హోటలాయన, మీ సొంత మామగారు ఊరుకుంటాడా? మావాళ్ళు మాత్రం బొమ్మ వేసుకొని చూస్తన్నారంటే ఊరుకుంటారా? మీకు సంబరం, మాకు బిడ్డ. ఎవరిది వాళ్ళకి ఉంది గదా అనుకున్నాం." గోడమీది చేత్తోనే రిబ్బను సవరించినట్టు తడిమింది. "నువ్వు పొద్దున్నే లేచావటే అని పలకరిస్తా ఉంటావని టీ మాస్టరు చెప్పినాడు ఒకసారి. ఆ రోజు ఇంటికి పోయి కడుపునిండా తిన్నా కోడలా."

నేను ఏడ్చాను. కోపానికి తప్ప ఏడవని మనిషిని, ఆ గదిలో నేలమీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ చైనా వాళ్ళెవరో చచ్చినవాళ్ళ కోసం భూమి లోపల, చీకట్లో, ఎవరూ చూడరని తెలిసి కూడా బల్లా భోజనం తలుపూ అన్నీ గీసి మూసేశారు. ఖాదర్ మామ తల్లి చూడటం కోసం గీశాడు. చీకట్లో కాదు, స్టేషన్ రోడ్డులో, సాంబారు వాసనల మధ్యన, పెళ్ళికూతుళ్ళు నవ్వే చోట. నేను దాన్నే ముందు మూసెయ్యమన్నాను.

ఎప్పుడొచ్చాడో మా ఆయన కర్టెన్ దగ్గర నిలబడి ఉన్నాడు. పుట్టీ ఎందుకు తుడిచేశారని అరవబోయి, బీబత్త చెయ్యి ఎక్కడుందో చూసి ఆగిపోయాడు. బకెట్ తెచ్చి రియాజ్ ముందు పెట్టి వెళ్ళిపోయాడు.

రియాజ్ గోడకి దగ్గరగా పోయి నిలబడ్డాడు. తనకంటే ఎంతో చిన్నపిల్ల ఆ అక్క. చొక్కా విప్పి నీళ్ళలో ముంచి, తలుపు రెక్కలూ గడపా తుడిచాడు. ముఖం జోలికి పోలేదు, అది వాళ్ళమ్మకే వదిలేశాడు. ఆరిపోయిన చోట పుట్టీ ఊడి రాలేదు. తలుపు పైన ఒక చివర తెల్లగా ఉండిపోయింది. ఉండనీ అన్నాను.

ఆ సాయంత్రం హరిత ఫోన్ చేస్తే అంతా చెప్పాను. చరణ్ రెండుసార్లు మెసేజ్ పెట్టాడట, సారీ అని. "ఏమన్నావు?" అంటే, "వస్తే అదే గదిలో అదే కుర్చీలో కూర్చోవాలన్నా. ఆలోచించుకుంటన్నాడు" అంది. ఆలోచించుకోనీ. మాకేం తొందర లేదు.

ఇప్పుడు సంబంధాలవాళ్ళు వచ్చి, "ఇది సమాధి బొమ్మంట కదా" అని గొణిగితే నేను దాచను. "అవును, సమాధి బొమ్మే. కూర్చుంటే కూర్చోండి. లేకపోతే బయట బల్లలున్నాయి, సాంబారు అక్కడా ఇదే" అంటాను. కొందరు బయటే కూర్చుంటారు. కొందరు కర్టెన్ జరుపుకుని లోపలికి పోతారు. వచ్చిన పెళ్ళికూతుళ్ళు మాత్రం మునుపటిలాగే, తల ఎటు తిప్పుకోవాలో తెలియక, ఆ పిల్ల వైపే తిప్పుతారు.

ఆ వారమే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి ఫ్యాను ఊడదీయించి, మూల కుర్చీ పైకి మార్పించాను. శుక్రవారం బీబత్త వచ్చి కూర్చుని టీ చేతికి తీసుకుంది. కొంగు ఎగిరింది. తలెత్తి ఫ్యాను వంక చూసింది, నా వంక చూసింది.

"ఇక్కడే బాగా గాలొస్తంది కోడలా" అంది.

"అవునత్తా" అన్నాను.